మేకుల గన్ పట్టిన చిన్నోడికి

చేవెళ్ల



మొయినాబాద్ పక్క తోటలో ఫామ్‌హౌస్ పనికి కుదిరావనీ, రెండో వారానికే మేస్త్రీ మేకుల గన్ చేతికిచ్చాడనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొద్దంతా సుత్తి కొట్టే బాధ తప్పిందని ఆమెకు సంతోషం. నీ పెదనాయననైన నాకు మాత్రం ఒక్కటే ప్రశ్న మిగిలింది: ఆ గన్‌కున్నది ఏ రకం ట్రిగ్గర్? అమ్మను అడిగితే నవ్వింది. నిన్నడిగినా నవ్వుతావేమో. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, అన్నం తిన్నాక తీరిగ్గా కూర్చుని చదువు.

మీ చుట్టుపక్కల వడ్రంగికి ఇంత గిరాకీ ఊరికే రాలేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు పాడవకూడదని 1996 మార్చిలో ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపల, 84 ఊళ్లలో పెద్ద కట్టడాలకు అడ్డం పడింది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి మండలాల ఊళ్లు అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీలు రాలేదు, అంతస్తుల మీద అంతస్తులు లేవలేదు. వాటి బదులు తోటలు, ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, పెళ్లిళ్ల హాళ్లు మొలిచాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ కట్టడి సడలించాక వేగం ఇంకా పెరిగింది. ఇవన్నీ చెక్కపని ఎక్కువున్న కట్టడాలు. గోడలకు ప్యానెళ్లు, పైన సీలింగ్, తలుపులకు బీడింగ్, తోటలో చెక్క కాటేజీ, ఏది చూసినా గన్ పనే.

చిక్కేమిటంటే ఈ పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక తోటలో నలుగురు కార్పెంటర్లు, గోడ అవతల తోటలో ముగ్గురు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం 500 మంది పనిచేసే చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాలంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్ ఆ అంకెను 250కి దించింది. నలుగురున్న తోటకు ఈ లెక్కలో ఏ ఆఫీసరూ రాడు. మేస్త్రీకి తెలిసిందే అక్కడ చట్టం. ఆ మేస్త్రీ గన్ వాడటం నేర్చుకున్నది ఇంకో మేస్త్రీని చూసి, ఆయన ఇంకొకరిని చూసి.

గన్ లోపల మందుగుండు ఏమీ లేదు, ఉన్నది గాలే. అదే మనవాళ్లను మోసం చేస్తుంది. కంప్రెషర్ నుంచి పైపులో వచ్చే ఆ గాలి 70 నుంచి 120 పీఎస్ఐ దాకా ఉంటుంది. నీ బండి టైరులో కొట్టించేది 30 చిల్లర. ఆ గాలి పిస్టన్‌ను తోస్తే, దానికి బిగించిన ఉక్కు పట్టీ మేకు తల మీద ఒకే దెబ్బ వేస్తుంది. సుత్తికి నాలుగైదు దెబ్బలు పట్టే పని రెప్పపాటులో అయిపోతుంది. గన్ కొసన స్ప్రింగ్ మీద లోపలికీ బయటికీ ఆడే ఇనుప ముక్కు ఉంటుంది చూడు, దాన్ని చెక్కకు అదిమితే తప్ప మేకు రాకూడదు. ఆ ముక్కుకూ ట్రిగ్గర్‌కూ మధ్య ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ఒప్పందంలోనే మొత్తం సంగతి ఉంది.

ఈ పనిముట్టు 1950లో అమెరికా బజారులోకి వచ్చింది. దాన్ని తయారు చేసిన మోరిస్ పైనూస్ సివిల్ ఇంజనీరు. హోవార్డ్ హ్యూస్ అనే కోటీశ్వరుడు చెక్కతో కట్టించిన భారీ విమానం మీద పనిచేసినవాడు. ఆ విమానం 1947లో ఒకే ఒక్కసారి గాల్లోకి లేచి మళ్లీ లేవలేదు. గన్ మాత్రం ప్రపంచమంతా తిరిగి మొయినాబాద్ తోటల దాకా వచ్చింది.

దాంతోపాటు గాయాలూ వచ్చాయి. 2001 నుంచి 2005 దాకా అమెరికాలో ఈ గన్ దెబ్బలతో ఆసుపత్రుల ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు ఏడాదికి సగటున 37,000 మంది అని అక్కడి సీడీసీ సంస్థ 2007లో లెక్క తేల్చింది. అందులో 40 శాతం మంది కూలీలు కూడా కారు, సొంతింట్లో ఏదో బిగించుకోబోయినవాళ్లు. ఇక నీలాగా పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల సంగతి విను. అక్కడి ఇళ్ల వడ్రంగంలో ఉన్న అప్రెంటిస్‌లను నాలుగేళ్లు గమనిస్తే ప్రతి ఐదుగురిలో ఇద్దరికి గన్ మేకు దిగింది. కొందరికి రెండోసారి, ఇంకొందరికి మూడోసారి కూడా దిగింది. అందులో చాలా దెబ్బలు ఎవరికీ చెప్పకుండా, ఆసుపత్రికి పోకుండా గడిచిపోయినవే. అక్కడ చదువుకున్నవాళ్లు, యూనియన్లు, ఇన్స్పెక్టర్లు అన్నీ ఉండి ఇది పరిస్థితి. మన తోటల్లో వేలికి గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా పనిచేసినవాడి దెబ్బను ఏ పుస్తకంలో రాస్తారు?

ఇప్పుడు ట్రిగ్గర్ దగ్గరికి వద్దాం. ముఖ్యంగా రెండు రకాలు. సీక్వెన్షియల్ అనేదాంట్లో ముందు ముక్కును చెక్కకు అదమాలి, తర్వాతే ట్రిగ్గర్ నొక్కాలి. ఒక మేకు వస్తుంది. ఇంకోటి కావాలంటే రెండూ వదిలి మళ్లీ మొదటి నుంచి. రెండోది కాంటాక్ట్ ట్రిగ్గర్. అందులో వరుస లేదు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే చాలు, ముక్కు ఎక్కడ తగిలితే అక్కడ మేకు. చెక్క మీద టకటకా తాటించుకుంటూ పోవచ్చు. ఆ ముక్కు చెక్కకు తగిలిందా, మోకాలికి తగిలిందా అన్నది గన్‌కు తెలియదు.

2007 ఏప్రిల్‌లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఇంటికి చెక్క చట్రం కడుతున్న 26 ఏళ్ల కార్మికుడు కాలు జారి పడ్డాడు. పడేటప్పుడు వేలు కాంటాక్ట్ ట్రిగ్గర్ మీదే ఉంది. ముక్కు తలకు తగిలి మూడంగుళాల మేకు పుర్రెలోకి దిగింది, బతకలేదు. తర్వాత గన్‌ను పరీక్షిస్తే ఏ లోపమూ లేదు. అది ఎలా పనిచేయాలో అలాగే పనిచేసింది. ఇంకోచోట ఇద్దరు కలిసి నేలకు ప్లైవుడ్ పరుస్తున్నారు. ఒకడు గన్ పట్టుకుని, వేలు ట్రిగ్గర్ మీదే ఉంచి ఎదురు చూస్తున్నాడు. రెండోవాడు షీటు లాక్కుంటూ వెనక్కి నడిచి వచ్చి, వీపుతో గన్ ముక్కును తాకాడు. మేకు వీపులో దిగి కిడ్నీని గీసింది. అదృష్టం, కోలుకున్నాడు. ఆ తర్వాత వాళ్ల కాంట్రాక్టరు ఆ పనికి వాడే గన్‌లన్నిటికీ సీక్వెన్షియల్ ట్రిగ్గర్లే పెట్టించాడు. ఈ రెండు సంగతులూ అమెరికా కార్మిక భద్రతా సంస్థలు 2011లో కాంట్రాక్టర్ల కోసం వేసిన చిన్న పుస్తకంలో ఉన్నాయి. కాంటాక్ట్ ట్రిగ్గర్‌తో దెబ్బ తగిలే అవకాశం సీక్వెన్షియల్‌తో పోలిస్తే రెట్టింపు అని కూడా అందులోనే ఉంది.

మేస్త్రీ ఏమంటాడో పెదనాయనకు తెలుసు. ‘సీక్వెన్షియల్ అయితే పని సాగదు, ఓనరు పెళ్లి ముహూర్తం లోపల హాలు కావాలంటున్నాడు.’ దీనికీ ఒక పరీక్ష జరిగింది. చెయ్యి తిరిగిన పది మంది వడ్రంగులతో ఎనిమిదడుగులు బై పదడుగుల చెక్క గదులు రెండేసి కట్టించారు, ఒకటి ఒక ట్రిగ్గర్‌తో, రెండోది ఇంకో ట్రిగ్గర్‌తో. కాంటాక్ట్‌తో మేకులు కొట్టే సమయం పది శాతం తగ్గింది. కానీ కొలతలు, కోతలు కలిపి మొత్తం పనిలో చూస్తే మిగిలింది ఒక శాతం కూడా లేదు. ఏ ట్రిగ్గర్ అన్నదానికంటే పనివాడు ఎవరన్నదే తేడా చూపించింది. ఈ మాట మేస్త్రీకి అందరి ముందూ చెప్పకు, చాయ్ తాగేటప్పుడు పక్కకు పిలిచి చెప్పు. పది మందిలో చిన్నబోయిన మేస్త్రీ ఏ ట్రిగ్గరూ మార్చడు.

నీ గన్ ఏ రకమో తెలుసుకోవడం పెద్ద విద్యేం కాదు. పనికిరాని మందపాటి చెక్క ముక్క నేల మీద పెట్టు. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకో, కళ్లద్దాలు పెట్టుకో, కాళ్లు దూరంగా జరుపు. ముక్కు గాల్లో ఉండగానే ట్రిగ్గర్ నొక్కి పట్టు, ఏమీ రాకూడదు. అలా పట్టుకునే ముక్కును చెక్కకు నిలువుగా అదుము. మేకు దిగిందా, అది కాంటాక్ట్. దిగలేదా, సీక్వెన్షియల్. మొదట గాల్లోనే మేకు వచ్చిందంటే ఆ గన్ పాడైంది, పైపు ఊడదీసి పక్కన పెట్టాలి. కొన్ని కంపెనీలు తమ గన్‌లకు సీక్వెన్షియల్ ట్రిగ్గర్ కిట్ విడిగా అమ్ముతాయి, కొన్నింటికి ట్రిగ్గర్ దగ్గరే మీట ఉంటుంది. చీరల పిన్నుల్లాంటి సన్న మేకులు కొట్టే పిన్నర్లలో కొన్నింటికి అసలు ముక్కే ఉండదు. వాటి దగ్గర మరీ జాగ్రత్త.

ఇంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. ముక్కు స్ప్రింగ్ ఊడదీసేవాళ్లూ, ట్రిగ్గర్‌ను తీగతోనో టేపుతోనో కట్టేసేవాళ్లూ ఉంటారు. మాటిమాటికీ అదమడం విసుగని. పక్కవాడు అలా చేసిన గన్ నీ చేతికిస్తే తీసుకోకు. ప్రాణభయం ఒక్కటే కాదు, చట్టం కూడా ఇక్కడ కాటు వేస్తుంది. 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలో ఒక మెలిక ఉంది, అది ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. రక్షణకని పెట్టిన పరికరాన్ని కార్మికుడే తెలిసి తెలిసి తీసేసి, అందువల్ల దెబ్బ తగిలిందని తేలితే పరిహారం రాదు. తాగి ఉండి దెబ్బ తగిలించుకున్నా అంతే. చనిపోయినా, శాశ్వతంగా ఏ పనికీ రాకుండా పోయినా మాత్రం ఈ మెలిక వర్తించదు. కాబట్టి మధ్యాహ్నం కల్లుకని ఈత చెట్ల కింద కూర్చునే అలవాటు ఇంకా అంటకపోతే, అంటనివ్వకు.

మంచి ట్రిగ్గర్ ఉన్నా గన్ ఊరుకోదు, దాని గుణాలు కొన్ని చెప్పాలి. మేకు దిగ్గానే గన్ వెనక్కి ఎగురుతుంది. కొత్తవాడు బలం కొద్దీ అదిమి పట్టి ఉంటాడు కాబట్టి అది మళ్లీ చెక్కను తాకుతుంది, వేలు ట్రిగ్గర్ మీదే ఉంటుంది, అక్కర్లేని రెండో మేకు వచ్చేస్తుంది. ఆ రెండోది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. పట్టు గట్టిగా ఉండాలి గానీ గన్ మీద పడిపోకూడదు.

బీడింగ్ దగ్గర జరిగేది వేరు. బీడింగ్‌కు వాడే ఎఫ్30 మేకు సన్నం, చెక్కలో గంటు తగిలినా, కింద పాత మేకు తల ఉన్నా, పీచు అడ్డం తిరిగినా అది లోపలే వంగి పక్క నుంచి బయటికొస్తుంది. అక్కడ పట్టీని ఆపుతూ ఎడమ చేతి చూపుడు వేలూ బొటనవేలూ ఉంటాయి. నమోదైన గన్ గాయాల్లో సగానికి పైగా చేతులకూ వేళ్లకే. వాటిలో నాలుగో వంతు నరాలో, కీళ్లో, ఎముకలో దెబ్బతిన్నవి. అందుకే మేకు పడే చోటికి ఎడమ చెయ్యి కనీసం ఒక అడుగు దూరం. అంత చిన్న పట్టీ అయితే క్లాంపు పెట్టు, క్లాంపు పట్టకపోతే ఆ ఒక్క మేకూ సుత్తితో కొట్టు. సుత్తి పట్టుకోవడం నామోషీ ఏమీ కాదు.

ఫాల్ సీలింగ్ వాళ్లు స్లాబుకు కాంక్రీటు మేకులు కొడుతుంటే ఆ కింద నిలబడకు. కాంక్రీటులో ఇనుప కడ్డీ తగిలితే మేకు తిరిగి ఎగిరి వస్తుంది. నిచ్చెన మీద, పరంజా మీద గన్‌ను భుజం పైకెత్తి, మొహం పక్కగా పెట్టి కొట్టడం కూడా అలాంటిదే. మొహానికి ఎదురుగా గన్ పెట్టాల్సిన చోట స్క్రూ వాడితే పోతుంది. ప్లైవుడ్ గోడకు అవతల ఎవరున్నారో చూడకుండా కొట్టొద్దు, మేకు పొడవు చెక్క మందం కంటే ఎక్కువైతే అవతలకు వస్తుంది. పక్కన పనిచేసేవాళ్లు రాజస్థాన్ వాళ్లో యూపీ వాళ్లో అయి ఉంటారు. ‘హటో’ అన్న ఒక్క మాట అందరికీ తెలుసు, కొట్టే ముందు అది గట్టిగా అను.

అన్నిటికంటే ఎక్కువ ఏమరపాటు జరిగేది మేకు ఇరుక్కున్నప్పుడు. మామూలుగా జరిగేది ఇది: గన్ పేలదు, ఇంకోసారి నొక్కుతాడు, పేలదు, తిప్పి ముక్కును తన వైపు పెట్టుకుని లోపలికి చూస్తాడు, స్క్రూడ్రైవర్‌తో పొడుస్తాడు. పైపులో గాలి అలాగే ఉంది! ఇరుక్కున్న మేకు కదిలితే పిస్టన్‌కు అడ్డం లేనట్టే. కప్లింగ్ ఊడదీసి, టుస్సుమన్న చప్పుడు విన్నాకే ముక్కు విప్పాలి. గన్ ఇంకొకరికి ఇచ్చేటప్పుడూ, నిచ్చెన ఎక్కేటప్పుడూ, చాయ్‌కి పోయేటప్పుడూ అదే పని. కంప్రెషర్ చెడిపోతే గేటు వెల్డింగ్ వాళ్ల ఆక్సిజన్ సిలిండర్‌కు పైపు తగిలిద్దామనే తెలివైనవాడు ఎక్కడో ఒకడుంటాడు. అది గన్ కాదు, బాంబు అవుతుంది. ఆ రోజు కూలీ పోయినా సరే, ఇంటికి వచ్చెయ్.

ఇంత చేసినా మేకు దిగితే? పీకకు. రక్తం కొంచెమే వస్తుంది, నొప్పి కూడా మొదట్లో అంతగా ఉండదు, పక్కనున్నవాడు కట్టింగ్ ప్లేయర్ తీసుకుని తయారుగా ఉంటాడు. గన్ మేకులు ఒకదానికొకటి జిగురుతోనో ప్లాస్టిక్‌తోనో తీగతోనో అతికి ఉంటాయి. ఆ ముక్కలు మేకుతో పాటు లోపలికి పోతాయి, కొన్ని మేకులకు పళ్లూ ఉంటాయి. బలవంతంగా లాగితే దిగేటప్పుడు తెగని నరం వచ్చేటప్పుడు తెగుతుంది. కదలకుండా గుడ్డ చుట్టి, అదే పెట్టెలోంచి ఇంకో మేకు జేబులో వేసుకుని పో. డాక్టరు దాన్ని చూస్తే లోపల ఏముందో తెలుస్తుంది. ఎక్స్‌రే తీయించు, ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి అడుగు.

ఎక్స్‌రే మాట ఎందుకంటే, మేకు దిగిన సంగతే తెలియనివాళ్లున్నారు. 2005 జనవరిలో కొలరాడోలో ఒక కార్మికుడు పంటినొప్పి అనుకుని ఆరు రోజులు తిరిగాడు. పళ్ల డాక్టరు ఎక్స్‌రే తీస్తే నాలుగంగుళాల మేకు నోట్లోంచి మెదడు దాకా కనబడింది. 2012 జనవరిలో షికాగో శివార్లలో షెడ్డు కట్టుకుంటున్న ఒకాయన గన్ తల మీద గీరుకుపోయిందనుకున్నాడు. మర్నాడు వాంతులైతే ఆసుపత్రికి పోయాడు, మూడంగుళాలు దాటిన మేకు తలలో ఉంది. ఇద్దరూ బతికారు. గన్ మొహం దగ్గర పేలితే, బయటికి ఏమీ కనబడకపోయినా చూపించుకోవాలి.

మీ దగ్గర ఎనికేపల్లిలో భాస్కర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. చేవెళ్ల వైపు పని ఉంటే ఇక్కడి సర్కారు దవాఖానా, పట్నం మహేందర్ రెడ్డి మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. కంట్లో అయితే నలపకు, కడగకు, నొక్కకు. కాగితం కప్పు బోర్లించి టేపు వేసి, నేరుగా కళ్ల ఆసుపత్రికి పో. బంజారాహిల్స్‌లో ఎల్.వి.ప్రసాద్ ఉంది, 1987 నుంచీ కళ్ల పనే చేస్తున్నారు. తలకో ఛాతీకో తగిలినవాడిని బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పోవద్దు, 108 పిలవండి. మన ఊళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు సంగతి నీకు తెలియంది కాదు. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్ది 19 మంది పోయింది దీని మీదే.

డబ్బు సంగతి కూడా రాయాలి, సిగ్గుపడే విషయం కాదు. పనిలో తగిలిన దెబ్బకు పరిహారం పనిలో పెట్టుకున్నవాడి బాధ్యత. వేలికో కంటికో ఎంత శాతం అన్నది చట్టంలో పట్టిక వేసి ఉంది: బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడు వేలు 14, ఒక కంటి చూపు పోతే 30. నీలాగా 22 ఏళ్ల వాడికి, లెక్కకు తీసుకునే నెల జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు అనుకుంటే, అందులో 60 శాతాన్ని వయసుకు నిర్ణయించిన 221.37తో గుణిస్తారు. దాని మీద శాతం కడితే చూపుడు వేలికి సుమారు 2 లక్షల 79 వేలు, బొటనవేలికి 6 లక్షలకు కాస్త తక్కువ. మేస్త్రీ చేతిలో పెట్టే రెండు వేలు, మాత్రల చీటీ దీనికి సమానం కావు. వేలు ఊడకుండా బిగుసుకుపోయినా డాక్టరు శాతం కట్టి రాస్తాడు. అయితే ఆసుపత్రి కాగితంలో ‘పనిలో గన్ మేకు దిగింది’ అని మొదటి రోజే రాయించాలి. ‘ఇంట్లో తగిలిందని చెప్పు, ఖర్చు మేం చూసుకుంటాం’ అనేవాళ్లు వస్తారు. ఆ మాట కాగితం మీదికి ఎక్కితే తర్వాత కార్మిక శాఖ అధికారి ముందు నీ దగ్గర ఏమీ మిగలదు.

నీకింకా లేబర్ కార్డు లేదని అమ్మ అంది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినవాళ్లకు భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు ఎక్కుతుంది. ఈ ఆదివారం చేవెళ్ల వస్తే ఆధార్, బ్యాంకు పుస్తకం, రెండు ఫొటోలు పట్టుకురా. మీసేవ ఆదివారం తెరవకపోతే కాగితాలు పెదనాయన దగ్గర పెట్టి పో, సోమవారం ఆయనే పోయి కట్టిస్తాడు. పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు రెండు జతలు పెదనాయన కొని పెట్టాడు. ఒకటి నీకు, ఒకటి నీ పక్కన షీటు పట్టుకునే పిల్లాడికి. మీ మేస్త్రీ చెప్పులు కాకుండా బూట్లు వేసుకోమంటాడో లేదో కనుక్కుని సైజు ఫోన్‌లో చెప్పు.

ట్రిగ్గర్ ఏ రకమో కూడా చెప్పు.

ఇట్లు,
మీ పెదనాయన